అన్ని పరీక్షలూ నార్మల్... అయినా అమ్మ కోలుకోవడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. అమ్మ వయసు 44, బీడీలు చుడుతుంది. నాన్న దుబాయ్‌లో ఉంటారు. నేను హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. నాలుగు నెలలుగా అమ్మ ‘పానం మంచిగుంటలేదు’ అంటోంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, కడుపులో మంట. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి అలాగే కూర్చుంటుంది. అన్నం సగం తిని వదిలేస్తుంది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది, ఇప్పుడు మూడు వందలు కూడా కావడం లేదు. సీరియల్ పెట్టినా చూడదు, దగ్గరి చుట్టాల పెళ్లికి కూడా రాలేదు. ఈసీజీ, ఎండోస్కోపీ, తల స్కానింగ్ అన్నీ నార్మల్. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్ర వేసుకుంటేనే కాసేపు నిద్ర పడుతోంది. ఇది డిప్రెషనేనా? వాకింగ్, ధ్యానం చేయిస్తే ఇంట్లోనే తగ్గుతుందా? సైకియాట్రిస్ట్‌కు చూపిస్తే ఊళ్లో పిచ్చి అంటారని, రేపు నా పెళ్లికి అడ్డమని నాన్న వద్దంటున్నారు. ఆ మందులు జీవితాంతం వాడాలట, నిజమేనా? కొండగట్టుకు తీసుకెళ్లి కొన్నాళ్లు ఉంచుదామని అమ్మమ్మ అంటోంది.
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: మీరు రాసిన వివరాలను బట్టి మీ అమ్మగారికి డిప్రెషన్ ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆమెతో ఎదురుగా మాట్లాడకుండా ఖాయంగా చెప్పకూడదు. కానీ ఇన్ని లక్షణాలు ఒకేచోట కనిపిస్తున్నప్పుడు ‘ఇంకో నెల చూద్దాం’ అని మాత్రం ఆగకండి.

మనసు బాగా కుంగిపోవడం, ఇదివరకు ఇష్టపడిన వాటి మీద ఆసక్తి పోవడం – ఈ రెండింటిలో కనీసం ఒకటి ఉండి, దానికి తోడు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, ‘నేను ఎందుకూ పనికిరాను’ అనిపించడం, చావు గురించిన ఆలోచనలు లాంటివి కొన్ని కలిసి, రోజులో ఎక్కువ భాగం, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలు దాటి ఉంటే మేము డిప్రెషన్ అంటాం. మీ అమ్మగారికి నాలుగు నెలలైంది. తనకు దిగులుగా ఉందని ఆమె ఒక్కసారి కూడా అనకపోయి ఉండొచ్చు. మన దగ్గర చాలామంది, ముఖ్యంగా ఇంటి భారమంతా మోసే ఆడవాళ్లు, డాక్టర్ ముందు దిగులు గురించి చెప్పరు. నొప్పులు, గ్యాస్, నీరసం అనే చెబుతారు. అందుకే కడుపు డాక్టర్ దగ్గర, నరాల డాక్టర్ దగ్గర నెలలు గడిచిపోతాయి. అలాగని ఆ నొప్పులు ఉత్తవి కావు. నొప్పిని అదుపు చేసే వ్యవస్థ, మనసు స్థితిని నిలబెట్టే వ్యవస్థ మెదడులో చాలావరకు ఒకే రసాయనాలతో పనిచేస్తాయి. ఆమెకు నొప్పి నిజంగానే ఉంది. దయచేసి ‘అన్నీ నార్మలే, నీకేం లేదు’ అని ఇంట్లో ఎవరూ అనకండి.

ఇంకో స్కానింగ్ అవసరం లేదు. కానీ థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, విటమిన్ బీ12 పరీక్షలు ఇంకా చేయించకపోతే ఇప్పుడు చేయించండి. థైరాయిడ్ హార్మోన్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బీ12 లోపించినా ఇలాంటి నీరసం, దిగులు రావచ్చు. నెలసరి తప్పుతోందా అని కూడా అడగండి. అది ఆగిపోయే ముందు వచ్చే హార్మోన్ల మార్పుల్లో డిప్రెషన్ ముప్పు పెరుగుతుంది.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, ‘అమ్మా, బతకాలని లేదు అనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడకండి, అలా జరగదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్నదే పెద్ద ఊరట. అవునంటే కోప్పడకండి, ఒట్లు వేయించుకోకండి. ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవునన్నా కాదన్నా ఇంట్లో ఉన్న పురుగుమందు, గడ్డి మందు డబ్బాలు బయటికి పంపించేయండి. మాత్రలు మీ అమ్మమ్మగారి దగ్గర ఉంచి, ఏ పూటవి ఆ పూటకు ఇప్పించండి. మన పల్లెల్లో ఎన్నో ప్రాణాలు క్షణికావేశంలో, చేతికి అందిన డబ్బాతోనే పోయాయి. అది అందకపోతే ఆ గడియ దాటిపోయే అవకాశం ఉంటుంది.

ఇక వాకింగ్, ధ్యానం సంగతి. తేలికపాటి డిప్రెషన్ అయితే నడక, కౌన్సెలింగ్, ఇంట్లోవాళ్ల తోడుతో మందులు లేకుండానే చాలామంది కోలుకుంటారు. మీ అమ్మగారిది ఆ స్థాయి దాటినట్టుంది. తిండి సగమైంది, పని మూడో వంతుకు పడిపోయింది, వేకువన మెలకువ వచ్చేస్తోంది. ఈ దశలో ‘రోజూ గంట నడువు, మంచి ఆలోచనలు చెయ్, మనసు గట్టి చేసుకో’ అని చెప్పడం ఆమెకు భారం. వాటికి కావాల్సిన ఓపికనే ఈ జబ్బు ముందుగా లాగేస్తుంది. చేయలేకపోయినప్పుడు ‘ఇది కూడా నాతో కాలేదు’ అని ఇంకాస్త కుంగిపోతారు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎంతోమంది ఇలా నెలల తరబడి తమను తామే తిట్టుకుని వస్తారు. అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఇంట్లో చేసేవన్నీ వైద్యానికి తోడుగా చేయాలి, వైద్యం మానేసి కాదు.

జగిత్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. ఓపీ చీటీ రాయించుకుని, మీ దగ్గరున్న రిపోర్టులు, ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్ర అట్ట పట్టుకెళ్లండి. మొదటిసారి ఎక్కువగా మాటలే ఉంటాయి. ఎప్పుడు మొదలైంది, ఇంట్లో అప్పులు, గొడవలు ఏమైనా ఉన్నాయా అని అడుగుతారు. ఎప్పుడైనా కొన్ని రోజుల పాటు నిద్ర లేకుండానే విపరీతమైన హుషారుగా, మితిమీరి మాట్లాడుతూ, ఖర్చు పెడుతూ గడిపారా అని కూడా అడుగుతారు. అలా ఉంటే అది బైపోలార్ (విపరీతమైన హుషారు, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) కావచ్చు, దాని మందులు వేరు. కాబట్టి గుర్తున్నదేదీ దాచకండి.

జీవితాంతం మందులన్న భయానికి ఆధారం లేదు. డిప్రెషన్‌కు ముందుగా ఇచ్చేవి సాధారణంగా ఎస్‌సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి మాత్రలు. వీటికి అలవాటు పడిపోవడం, మోతాదు పెంచుకుంటూ పోవాలనిపించడం ఉండదు. కాకపోతే వేసిన రోజే పనిచేయవు. మార్పు కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి గుణం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, కొంచెం గాభరా ఉండొచ్చు. చాలామంది ‘ఈ మందు పడలేదు’ అని సరిగ్గా ఇక్కడే మానేస్తారు. ఆ రోజుల్లో ఆమె పక్కన ఎవరైనా ఉండాలి, గాభరా బాగా పెరిగితే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. కోలుకున్నాక కూడా మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు మరో ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, తర్వాత డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించి ఆపేస్తాం. మళ్లీ మళ్లీ వచ్చేవారికి మాత్రమే ఎక్కువ కాలం అవసరమవుతుంది.

నిజానికి నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ ఆర్‌ఎంపీ మాత్ర. మీరు పేరు రాయలేదు. ఊళ్లలో నిద్రకని ఇచ్చేది చాలాసార్లు ఆల్‌ప్రజోలమ్ అయి ఉంటుంది. అలవాటు పడేది అదే! నిద్ర పట్టిస్తుంది గానీ డిప్రెషన్‌ను తగ్గించదు. అయితే నెలలుగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి. విపరీతమైన ఆందోళన, కొందరిలో ఫిట్స్ కూడా రావచ్చు. సైకియాట్రిస్ట్ దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

చికిత్స మొదలయ్యాక ఇంట్లో చేయాల్సినవి చాలా చిన్నగా మొదలుపెట్టండి. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని కూర్చుంటే ఈ జబ్బులో అది రాదు. చిన్న పని ముందు జరిగితే ఉత్సాహం దాని వెనకే మెల్లగా వస్తుంది. పొద్దున లేచి ముఖం కడుక్కుని వాకిట్లో ఎండలో పది నిమిషాలు కూర్చోవడం మొదటి వారానికి చాలు. తర్వాత పక్కింటి ఆవిడ తోడుగా వీధి చివరి దాకా నడక. ఓపిక పెరిగే కొద్దీ వారంలో ఐదు రోజులు అరగంట నడిస్తే మనసుకు కూడా మేలు చేస్తుంది. వెయ్యి బీడీల లెక్క ఇప్పుడు వద్దు. ఒంటరిగా ఇంట్లో కాకుండా నలుగురు ఆడవాళ్లు కూర్చునే చోట చాట పెట్టుకుని, వందైనా సరే చుట్టనివ్వండి. రోజంతా వంగి కూర్చునే పని కాబట్టి గంటకోసారి లేవాలి. మధ్యాహ్నం పడక, సాయంత్రం టీ మానితే రాత్రి నిద్రకు మంచిది. పెద్ద భోజనం దిగకపోతే కొంచెం కొంచెం నాలుగైదుసార్లు పెట్టండి.

అమ్మమ్మగారి మాట కొట్టిపారేయకండి. అంజన్న మీద నమ్మకం మీ అమ్మగారికి ధైర్యమిస్తే కొండగట్టుకు వెళ్లి రండి. మాత్రలు వెంట తీసుకెళ్లండి, ఒక్క పూట కూడా తప్పనివ్వకండి. అక్కడ వారాల తరబడి ఉంచి వైద్యం ఆలస్యం చేయడం మాత్రం వద్దు.

నాన్నగారికి ఫోన్ చేసి వివరంగా చెప్పండి. దూరంగా ఉండి ఏమీ చేయలేని భయం ఆయనది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో ప్రతి 20 మందిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తోంది. ఆడవాళ్లలో, 40–49 ఏళ్ల వయసువారిలో అది ఎక్కువ. అంటే మీ వీధిలోనే ఇంకొందరు ఉంటారు, చెప్పుకోరంతే. వైద్యం వివరాలు బయటికి చెప్పకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. డాక్టర్‌తో నాన్నగారినే వీడియో కాల్‌లో మాట్లాడించండి, చాలా సందేహాలు అక్కడే తీరతాయి.

ఆసుపత్రికి వెళ్లేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీ అమ్మగారు మాట్లాడనంటే మీరే మాట్లాడి సలహా తీసుకోండి. ఇంటి కోసమని డిగ్రీ మానేసి వెళ్లిపోకండి. మొదటి రెండు మూడు వారాలు సెలవు పెట్టి దగ్గరుంటే చాలు, తర్వాత రోజూ ఫోన్ చేయండి. ఈ టెన్షన్‌లో మీకు కూడా నిద్ర పట్టక, చదువు మీద ధ్యాస నిలవక రెండు వారాలు దాటితే, అదే నంబరుకు మీ కోసం కూడా ఫోన్ చేయండి.