ముగింపు మార్చమన్నారు

"నల్లజాతి నటి, నాటక రచయిత్రి కూడా అయినవాళ్లలో ఒక్కరినే చదవాలంటే ఎవరిని చదవాలి? మా కాలేజీలో వేసుకోవడానికి ఆమెది చిన్న నాటిక ఏదైనా ఉందా?" అని అడిగారు. నన్నడిగితే ఆలిస్ చిల్డ్రెస్.

2021 డిసెంబరు దాకా ఆమె పేరే నాకు తెలీదు. మేముండేది న్యూజెర్సీలో. తగ్గింపు ధరకు టికెట్ దొరికిందని మాస్కు పెట్టుకుని, వ్యాక్సిన్ కార్డు చూపించి, న్యూయార్క్‌లో పెద్ద నాటకాలాడే బ్రాడ్‌వేలో ఆమె నాటకం ‘ట్రబుల్ ఇన్ మైండ్’ చూశాను. పేరు ఒక పాత బ్లూస్ పాటది. కథంతా ఇంకో నాటకం రిహార్సల్‌లోనే నడుస్తుంది. విలెటా అనే సీనియర్ నల్లజాతి నటి కొత్త కుర్రాడికి పాఠం చెబుతుంది: తెల్లవాళ్లేమన్నా నవ్వు, నవ్వు రాకపోయినా నవ్వు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత ఆమెకే చిక్కొస్తుంది. ఆమె వేసే తల్లి పాత్ర, కొడుకును చంపడానికి గుంపు కాచుకుని ఉంటే, వెళ్లి లొంగిపొమ్మని పంపాలి. "ఏ తల్లి పంపుతుంది?" అని తెల్ల డైరెక్టర్‌ని నిలదీస్తుంది. అంతకుముందు నవ్వుతూ బతికిన మనిషి. ఒక రిహార్సల్లో పాట మళ్లీ పాడమంటే గొంతులోకి కోపం వచ్చేస్తుంది. విలెటాగా లషాంజ్ వేసింది. అక్కడ నా ఒళ్లు జలదరించింది.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది, నాటకం 1955 నాటిదని. చిల్డ్రెస్ 1916లో చార్ల్స్‌టన్‌లో పుట్టి, న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెంలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. హైస్కూలు పూర్తి చెయ్యలేదు. ఇళ్లలో పని చేస్తూనే అమెరికన్ నీగ్రో థియేటర్‌లో నటించింది. 1944లో ‘అన్నా లుకాస్టా’తో బ్రాడ్‌వే ఎక్కింది, నటిగా. రచయిత్రిగా మాత్రం ఎక్కనివ్వలేదు. ‘ట్రబుల్ ఇన్ మైండ్’ను చిన్న థియేటర్‌లో వేసినప్పుడు ముగింపు తీపిగా మార్చమంటే మార్చింది, ఆ తర్వాత బాధపడింది. బ్రాడ్‌వే వాళ్లొచ్చి ఇంకా మార్పులు అడిగితే ఇక ఒప్పుకోలేదు, దాంతో అది ఆగిపోయింది. ఆడి ఉంటే అక్కడ నాటకం వచ్చిన తొలి నల్లజాతి రచయిత్రి ఆమే అయ్యేది. ఆ పేరు 1959లో లొరెయిన్ హాన్స్‌బెరీకి దక్కింది. చిల్డ్రెస్ 1994లో పోయింది. నేను చూసింది, పోయిన 27 ఏళ్లకు.

ఇది నాకెందుకు గుచ్చుకుందంటే, ఇండియాలో ఉన్నప్పుడు పరిషత్తు పోటీలకు నేనూ ఒక నాటిక రాశాను. చివర కోడలు గడప దాటి వెళ్లిపోతుంది. "ఫ్యామిలీలు చూస్తాయమ్మా, అత్తగారి కాళ్లకు దణ్ణం పెట్టించెయ్" అన్నారు వేయించేవాళ్లు. పెట్టించాను. మూడో బహుమతి వచ్చింది. ఆ షీల్డు మా అమ్మ షోకేసులో ఇప్పటికీ ఉంది, నేను అటు చూడను.

మీకు కావలసింది ఆమె తొలి నాటిక ‘ఫ్లారెన్స్’, 1949ది. పాత్రలు నాలుగే. అమెరికా దక్షిణాదిలో ఒక రైల్వేస్టేషన్ వెయిటింగ్ రూమ్, మధ్యలో అడ్డుకమ్మీ: ఇటు నల్లవాళ్లు, అటు తెల్లవాళ్లు. రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊళ్లలో ఆ కమ్మీ గురించి వివరించక్కర్లేదు. న్యూయార్క్‌లో నటి కావాలని అవస్థ పడుతున్న కూతుర్ని వెనక్కి తీసుకురావడానికి తల్లి బయల్దేరుతుంది. కమ్మీ అవతలి తెల్లావిడ తనూ నటినే అంటుంది, మీ అమ్మాయికి సాయం చేస్తానంటుంది. సాయమంటే ఏంటా అనుకుంటాం, తీరా చూస్తే పనిమనిషి ఉద్యోగం! తల్లి చటాలున ఆవిడ మణికట్టు పట్టుకుంటుంది. ఆ పట్టు దగ్గర మీ నటి తొందరపడకూడదు. ఎక్కువసార్లు రిహార్సల్ చెయ్యాల్సింది అదే.

తర్వాత తల్లి రైలెక్కదు. చార్జీల డబ్బులు కవర్లో పెట్టి, ‘ప్రయత్నం మానకు’ అని చీటీ రాసి కూతురికి పంపిస్తుంది.

పాట కూడా కావాలంటే తర్వాత ఆమెదే ‘మామ్స్’ అనే నాటకం చదవండి. దానికి సంగీతం ఆమె భర్త నేథన్ వుడర్డ్‌ది. వేసేముందు హక్కులున్నవాళ్ల అనుమతి తీసుకోండి. ఎవరైనా ముగింపు మార్చమంటే నాకు మెసేజ్ పెట్టండి.