మార్చింది మందునా, డబ్బానా?

ప్రశ్న: రెండెకరాల్లో చపాటా మిర్చి వేశాను. పూత మీద నల్ల తామర పురుగు పడింది. ఇరవై రోజుల్లో మూడుసార్లు, మూడు రకాల మందులు కొట్టాను. పురుగు తగ్గలేదు, పూత రాలుతోంది. ఈ మందులు పురుగు మెదడు మీద పనిచేస్తాయని మా అబ్బాయి ఫోనులో చదివి చెప్పాడు. ఆవగింజంత కూడా లేని పురుగుకు మెదడేమిటి? అది మందుకు అలవాటు పడిందా? ఇప్పుడు ఏం కొట్టాలి?
– ఒక రైతు, నల్లబెల్లి మండలం, వరంగల్ జిల్లా

జవాబు: మీరు పంపిన డబ్బాల ఫొటోలు చూశాను. పెద్ద అక్షరాల పేర్లు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న టెక్నికల్ పేర్లు చదివాను. ఒకటి ఇమిడాక్లోప్రిడ్, రెండోది ఎసిటామిప్రిడ్, మూడోది థయామిథాక్సామ్. ఈ మూడూ ఒకే కుటుంబానివి. అంటే డబ్బా మూడుసార్లు మారింది కానీ, పురుగు ఒంట్లో దెబ్బ తగిలే చోటు ఒక్కసారి కూడా మారలేదు.

మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఒక మిల్లీమీటరు పొడవున్న తామర పురుగుకు కూడా మెదడు ఉంటుంది. తేనెటీగ మెదడులో దాదాపు 10 లక్షల నాడీకణాలు ఉంటాయి. మాగిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగ మెదడులో దాదాపు 1.4 లక్షలు ఉన్నాయి. వాటి అల్లిక మొత్తాన్ని శాస్త్రవేత్తలు 2024లో పటంగా గీసి చూపారు.

ఈ కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవు. మధ్యలో సన్నని సందు ఉంటుంది. ఒక కణం ఆ సందులోకి రసాయనాన్ని వదిలితే, అది అవతలి కణం మీదున్న మడవను తెరుస్తుంది. పొలంలో మడవ తీస్తే నీరు పారినట్టు అక్కడ విద్యుత్తు పారుతుంది. పురుగుల్లో ఈ పని ఎక్కువగా చేసేది ఎసిటైల్‌కోలిన్. పని కాగానే ఒక ఎంజైమ్ వచ్చి దాన్ని విరగ్గొడుతుంది, మడవ మూసుకుంటుంది. నరాల మాట రసాయనంతో నడుస్తుందని 1921లో ఆటో లోవి అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో చూపించాడు. నరాన్ని ప్రేరేపించి ఒక గుండెను నెమ్మదింపజేసి, దాని ద్రవాన్ని తీసి మరో గుండెకు ఇస్తే అదీ నెమ్మదించింది. ఆ రసాయనం ఈ ఎసిటైల్‌కోలినే.

మీరు కొట్టిన మూడు మందులూ ఎసిటైల్‌కోలిన్ వేషం వేసుకుని వచ్చి మడవ తెరుస్తాయి. ఎంజైమ్ వాటిని విరగ్గొట్టలేదు కాబట్టి మడవ మూసుకోదు. పురుగు వణికి, చచ్చుబడి చస్తుంది. మన పెద్దలు పొగాకు కషాయం కొట్టినప్పుడు జరిగిందీ ఇదే, నికోటిన్ కూడా అదే వేషగాడు.

ఇక అలవాటు సంగతి. పురుగు మందుకు అలవాటు పడదు. వేల పురుగుల్లో కొన్నింటికి పుట్టుకతోనే మడవ ఆకారం కాస్త తేడాగా ఉండవచ్చు, లేదా మందును ఒంట్లోనే విరగ్గొట్టే శక్తి ఎక్కువ ఉండవచ్చు. మిగతావి చస్తే ఇవి మిగిలి సంతానం పెంచుతాయి. అదే చోట మళ్లీ మళ్లీ కొడితే చేలో చివరికి మిగిలేది ఈ మొండి సంతతే. తప్పు మీ ఒక్కరిది కాదు, పేరు మారితే మందు మారిందని నమ్మించే అమ్మకాలదీ.

వేరే చోట దెబ్బ కొట్టే మందులు ఉన్నాయి. మెదడులో తొందరపెట్టే రసాయనంతో పాటు ‘ఆగు’ అనే రసాయనమూ ఉంటుంది, దాని పేరు గాబా. ఫిప్రోనిల్ గాబా మడవను మూసేస్తుంది, ఆపేవాడు లేక పురుగు గిలగిలా కొట్టుకుని చస్తుంది. సయాంట్రానిలిప్రోల్ మెదడు జోలికే పోదు, కండరాల్లోని కాల్షియాన్ని ఒలకబోస్తుంది. స్పైనోసాడ్ ఎసిటైల్‌కోలిన్ మడవ దగ్గరే పనిచేస్తుంది కానీ, చేయి వేసే చోటు వేరు. గేదెల గోమార్లకు వాడే అమిట్రాజ్ దారి ఇంకొకటి. మనకు అడ్రినలిన్ లాంటి పని పురుగుల్లో, గోమార్లలో ఆక్టోపమైన్ చేస్తుంది, అమిట్రాజ్ దాన్ని తారుమారు చేస్తే గోమారి పట్టు వదిలి రాలిపోతుంది. మిర్చికి దాన్ని తేకండి.

ఇప్పుడు చేయాల్సింది: ఆ మూడు మందులూ ఈ పంటకు ఇక వద్దు. ముందుగా సయాంట్రానిలిప్రోల్ 10.26 ఓడీ ఎకరాకు 240 మి.లీ. 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టండి. ఈ పురుగు పువ్వు లోపల దాక్కుంటుంది కాబట్టి పూలు తడిసేలా, సాయంత్రం పూట పిచికారీ చేయండి. తేనెటీగలకూ హాని తగ్గుతుంది. కోశస్థ దశ (రెక్కల పురుగుగా మారే ముందు దశ) నేలలో గడుస్తుంది కనుక ఒక్క పిచికారీతో తీరదు. 7 నుంచి 10 రోజుల తరవాత ఫిప్రోనిల్ 5 ఎస్‌సీ లీటరుకు 2 మి.లీ. లేదా స్పైనోసాడ్ 45 ఎస్‌సీ 0.3 మి.లీ. కలిపి కొట్టండి. మధ్యలో వేపనూనె 1500 పీపీఎం లీటరుకు 5 మి.లీ. వాడవచ్చు. సింథటిక్ పైరిత్రాయిడ్లు (సైపర్‌మెత్రిన్ లాంటి మందులు) వద్దు, తామర పురుగును తినే మిత్ర పురుగులు ముందు పోతాయి. నీలిరంగు జిగురు అట్టలు ఎకరాకు 25కు తగ్గకుండా పెట్టి, యూరియా తగ్గించండి.

ఒక హెచ్చరిక. ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్ లాంటి పురుగుమందులు ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌నే పట్టేస్తాయి. ఆ ఎంజైమ్ మన ఒంట్లోనూ ఉంది. కొట్టేటప్పుడు విపరీతంగా చెమట, నోటి వెంట లాలాజలం, చూపు మసక కనిపిస్తే బట్టలు మార్చి, ఒళ్లు సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. డబ్బా వెంట తీసుకెళ్తే డాక్టరుకు చికిత్స తేలిక. వీటికి అట్రోపిన్ ఇస్తారు, అన్ని మందులకూ అదే విరుగుడు కాదు.

రెండో పిచికారీకి ముందు పదిచోట్ల పూలను తెల్ల కాగితం మీద దులపండి. ఎన్ని పురుగులు రాలాయో రాసి, కొత్త డబ్బా ఫొటోతో కలిపి పంపండి. టెక్నికల్ పేరు కనిపించేలా తీయండి.