విశాఖలో అపార్ట్‌మెంట్ లైట్లు వలస పక్షులకు నిజంగా ఇబ్బందా? ఏం మార్చాలి?

ఇబ్బందే. చిన్న పిట్టలు చాలావరకు రాత్రిపూటే ప్రయాణిస్తాయి, నక్షత్రాలూ భూ అయస్కాంత క్షేత్రమూ చూసుకుని. మేడ మీద ఫ్లడ్‌లైట్ వెలుగుతుంటే దాని చుట్టూనే తిరిగి అలసిపోతాయి, లేదా అద్దాలకు గుద్దుకుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో మబ్బు కిందికి దిగిన రాత్రులు మరీ ప్రమాదం. రంగురంగుల వలస పక్షి పొన్నంగి పిట్ట (ఇండియన్ పిట్టా) సొమ్మసిల్లి ఇళ్లలోకి వచ్చి పడేది ఇలాంటి ప్రయాణాల్లోనే.

ముందు పైకి చూసే లైట్లు తీసేయండి. బిల్డింగ్ ఎలివేషన్‌కి వేసే రంగుల లైట్లు ఎవరికీ పనికిరావు, రాత్రి 10 తర్వాత టైమర్‌తో ఆపేయండి. పార్కింగ్, గేటు దగ్గర లైటు కావాలి కాబట్టి బల్బు కనపడకుండా పైన, పక్కల మూసిన డొప్ప ఉన్న ఫిట్టింగ్ పెట్టి, నేరుగా కిందికి తిప్పండి. సముద్రపు గాలికి మామూలు స్క్రూలు తుప్పుపట్టి డొప్ప వాలిపోతుంది, స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. ఎల్‌ఈడీ పెట్టె మీద 2700 కె (కెల్విన్, అంటే పసుపు ఛాయ వెలుగు) అని ఉండాలి. 6500 కె తెల్లటిది వద్దు. మోషన్ సెన్సర్‌ని 2 నిమిషాలకు సెట్ చేయండి. అది కొబ్బరి మట్టల వైపు చూస్తుంటే గాలికి రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది, కాస్త కిందికి వంచండి.

మెట్ల దగ్గరి పెద్ద అద్దాలకు బయటివైపు 5 సెం.మీ. ఎడంతో చుక్కల స్టిక్కర్లు అంటించండి. లోపల అంటిస్తే ఆకాశం ప్రతిబింబంలో అవి కనిపించవు.

పిట్ట పడితే నోట్లో నీళ్లు పోయొద్దు. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో ఉంచి, తెల్లారాక చెట్ల దగ్గర వదలండి. రెక్క వేలాడుతుంటే అటవీశాఖకు ఫోన్ చేయండి.