4500 దగ్గర ముల్లు ఎందుకు వణుకుతోంది?

ప్రశ్న: మాది హ్యూస్టన్‌కి ఉత్తరాన కాన్రో చెరువు. ఇరవై ఎనిమిది అడుగుల స్పీడు బోటు, ఒకే ఇంజన్, షెవ్రొలే బిగ్ బ్లాక్ 502. పోయిన చలికాలం మొత్తం రీబిల్డ్ చేయించాను. ఆయిల్ ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు 70 పౌండ్లు, వేడెక్కాక ఐడిల్‌లో (థ్రాటిల్ ఇవ్వకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) 20, మూడు వేల ఆర్‌పీఎం దగ్గర 50 చూపిస్తుంది. 4500 దాటించి ఒకటిన్నర నిమిషం తోలేసరికి మాత్రం ముల్లు వణుకుతూ 30కి దిగిపోతోంది. పంపు పోయింది, ఇంజన్ బయటికి తీసి హై వాల్యూమ్ పంపు వేద్దామంటున్నాడు మెకానిక్. సరేననమంటారా?

జవాబు: ఇప్పుడే సరేననకండి. మీ ఉత్తరంలో నాకు పనికొచ్చినవి రెండు మాటలు: “ఒకటిన్నర నిమిషం”, “వణుకుతూ”. ఈ రెండూ రాయకపోయి ఉంటే నేనూ పంపునే అనుమానించేవాణ్ణి.

పంపు పని నూనెను తోయడం వరకే. ఆ నూనె బేరింగుకీ క్రాంక్‌కీ (ఇంజన్లో తిరిగే ప్రధాన ఇరుసు) మధ్య తలవెంట్రుకంత సందులోంచి దూరి వెళ్ళాలి కాబట్టి ప్రెషర్ పుడుతుంది. బేరింగులు అరిగి ఆ సందు పెరిగితే ముందు బయటపడేది వేడి ఐడిల్‌లో. అప్పుడు నూనె పలచగా ఉంటుంది, పంపు నెమ్మదిగా తిరుగుతుంది. మీకు అక్కడ 20 ఉంది. వెయ్యి ఆర్‌పీఎంకి పది పౌండ్లుంటే చాలని ఈ ఇంజన్ల దగ్గర పాత లెక్క. మూడు వేలకి మీకు 50 వస్తోంది. ప్రెషర్ మరీ ఎక్కువైతే నూనెను వదిలేసే రిలీఫ్ వాల్వు చెత్త పట్టి తెరుచుకుని ఉండిపోతే ఆ 50 కూడా రాదు. కాబట్టి అరిగిన పంపూ కాదు, అరిగిన బేరింగూ కాదు. జోరు మీద, అదీ కాసేపు తోలాక మాత్రమే వస్తోందంటే, పంపు నోటికి నూనె అందడం లేదు, లేదా నూనెతోపాటు గాలి అందుతోంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నూనె తక్కువైనా ఇదే లక్షణం, ఎక్కువైనా ఇదే లక్షణం. తక్కువైతే, జోరు మీద నూనంతా ఇంజన్ పైభాగంలోని హెడ్లలోకి ఎక్కి, మళ్ళీ కిందికి జారేలోపే సంపు, అంటే ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి, ఖాళీ అవుతుంది. ఎక్కువైతే క్రాంక్ బరువులు నూనెలో మునిగి కవ్వంలా చిలుకుతాయి. ఆ నురగే పంపులోకి పోతుంది. గాలి నొక్కుకుపోతుంది గనక ముల్లు నిలబడదు, వణుకుతుంది. రీబిల్డ్ తర్వాత బోట్లలో నేను చూసినంతలో ఎక్కువ అయిన కేసులే ఎక్కువ.

దానికి కారణం డిప్‌స్టిక్, అంటే నూనె మట్టం చూసే కర్ర. బోట్లో ఇంజన్ కారులో కూర్చున్నట్టు కూర్చోదు, ఒక వాలు మీద ఉంటుంది. సంపు మారినా, డిప్‌స్టిక్ గొట్టం మారినా పాత గీతకి అర్థం లేదు. పైగా ఇంజన్ ఆపీ ఆపగానే కర్ర తీసి చూస్తారు. నూనె ఇంకా పైనే ఉంటుంది కాబట్టి తక్కువ చూపిస్తుంది, ఇంకో క్వార్ట్ పోస్తారు.

నేనిది పుస్తకంలో చదివి రాయడం లేదు. మిస్సోరీలో ఓజార్క్స్ సరస్సు దగ్గర పనిలో చేరిన రెండో ఏడు, సరిగ్గా మీలాంటి ఫిర్యాదుతోనే ఒకాయన బోటు తెచ్చారు. కర్ర తక్కువ చూపించిందని నూనె పోశాను. మళ్ళీ తెచ్చారు. ఈసారి హై వాల్యూమ్ పంపు వేశాను. ఐడిల్‌లో ముల్లు పైకి లేచింది, ఆయన సంతోషంగా వెళ్ళారు. మూడో వారం ఒక రాడ్ బేరింగ్ తిరిగిపోయింది. విప్పి చూస్తే క్రాంక్ జర్నల్ (బేరింగ్ కూర్చునే నున్నటి భాగం) నెమలికంఠం రంగుకి మారి ఉంది. అంత నీలం తేలిందంటే ఉక్కు ఎంత కాలిందో అర్థం చేసుకోండి. ఆ పెద్దాయన నన్నొక్క మాట అనలేదు. కానీ ఆ క్రాంక్ నా నిర్లక్ష్యం వల్ల పోయింది. అప్పట్నుంచీ కొలవకుండా పంపు మార్చలేదు. హై వాల్యూమ్ పంపు సంపుని ఇంకా త్వరగా ఖాళీ చేస్తుంది, నూనెను ఇంకా వేడి చేస్తుంది, డిస్ట్రిబ్యూటర్ గేరు మీద భారం పెంచుతుంది. మీ జబ్బుకి అది మందు కాదు.

ముందు గేజ్ నిజం చెబుతోందో లేదో తేల్చుకోండి. ఇంజన్ మీద ప్రెషర్ కొలిచి గేజ్‌కి పంపే సెండర్ విప్పి, అదే రంధ్రంలో మెకానికల్ గేజ్ పెట్టండి. ప్లాస్టిక్ గొట్టం వాడకండి, అల్లిక గొట్టమే వాడండి. ప్లాస్టిక్ పగిలి వేడి నూనె ఎగ్జాస్ట్ మీద పడితే బోటే అంటుకుంటుంది. అమెరికన్ సెండర్ అయితే ప్రెషర్ లేనప్పుడు 240 ఓమ్‌లు, ముల్లు పూర్తిగా ఎక్కినప్పుడు 33 ఓమ్‌లు రావాలి. ఒంటి వైరు సెండర్‌కి ఎర్త్ దొరికేది దాని మరల ద్వారానే. ఆ మర మీద టేపు దట్టంగా చుడితే గేజ్ తప్పు చూపిస్తుంది.

అదే అంకె వస్తే, బోటు నీళ్ళలో తేలుతుండగా నూనంతా లాగేయండి. ట్రైలర్ మీద చేయకండి, వాలు మారిపోతుంది. కొత్త ఫిల్టర్ వేసి, ఆ సంపు చేసినవాళ్ళు చెప్పిన కొలత ప్రకారం పోయండి. రెండు నిమిషాలు నడిపి ఆపి, ఓ పావుగంట ఆగి కర్ర తీయండి. నూనె ఎక్కడుంటే అక్కడ ఆకురాయితో గీత పెట్టండి. ఇక మీకు ఆ గీతే ప్రమాణం.

ఇంకో సంగతి గుర్తు చేసుకోండి. దీనికోసం మళ్ళీ జోరుగా తోలకండి. ముల్లు 30కి దిగాక థ్రాటిల్ తగ్గిస్తే ఏమైంది? అర నిమిషంలో మామూలైతే నూనె జారి సంపులోకి తిరిగొచ్చిందన్నమాట. చాలాసేపు ఐడిల్‌లో కూడా తక్కువే ఉండిపోతే నూనె బాగా కాగి పలచబడింది, ఆయిల్ కూలర్‌నీ దాని గొట్టాలనీ చూడాలి. నూనె వేడికి వేరే గేజ్ లేకపోతే పెట్టించండి. సంపులో వంద, నూటపది డిగ్రీల సెల్సియస్ అంటే భయం లేదు. ఎనభై దాటకపోయినా మంచిది కాదు, నూనెలో చేరిన చెమ్మ, పెట్రోలు ఆవిరైపోవు.

తీసిన పాత ఫిల్టర్ పారేయకండి. రంపంతో కోస్తే రజను కలిసిపోతుంది, ఫిల్టర్ కట్టర్‌తో తెరిచి, మడతల కాగితాన్ని వైసులో పిండి ఎండలో పట్టుకుని చూడండి. కొత్త ఇంజన్ గనక ఒకటి రెండు మెరుపులకి బెదరక్కర్లేదు. బూడిద వెండి రంగు పొలుసులు కనిపిస్తే బేరింగ్ పైపొర లేస్తోంది. రాగి రంగు కనిపిస్తే లోపలి పొర దాకా పోయింది, ఇక బోటు తీయకూడదు.

గీత సరిచేశాక కూడా ముల్లు వణికితే అప్పుడు ఇంజన్ తీయించండి. పంపు చూడమనే ముందు, సంపులోంచి పంపుకి నూనె లాగే పికప్ గొట్టం చూడమనండి. దాని నోటికీ సంపు అడుక్కీ మధ్య అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, అంటే సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. ఆ గొట్టం పంపులోకి దిగిన చోట వదులైనా, సన్నగా చీలినా గాలి లాగుతుంది.

ప్రశ్న: మాకు కాకినాడలో మరపడవ ఉంది, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్. 61 రోజుల వేట నిషేధం అయ్యాక జూన్ 15న బయల్దేరాం. మూడున్నర కేజీలుండే ఆయిల్ ప్రెషర్ రెండో ట్రిప్పుకి రెండుకి దిగింది. నూనె తగ్గకపోగా గీత మీద అంగుళం పెరిగింది. గేజ్ పాడైందని సరంగు అంటున్నాడు.

జవాబు: గేజ్ పాడై ఉండొచ్చు గానీ, దానివల్ల నూనె పెరగదు కదండీ. మీ నూనెలో ఏదో కలుస్తోంది. అదేంటో తేలేదాకా దయచేసి పడవ తీయకండి.

మాది జగన్నాథపురమే, మా నాన్న ట్రాలర్ మీద ఇంజన్ డ్రైవరు. ఆయన కర్ర తీసి, నూనె బొట్టుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వేళ్ళు మెల్లగా విడదీసేవారు. తీగ సాగితే సరే. సాగకుండా నీళ్ళలా తెగిపోయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన కొడితే, పడవ ఆ పూట బయల్దేరేది కాదు. మీరూ అలాగే చూడండి. డీజిలే అయితే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పించి టెస్టింగ్ షాపుకి పంపండి, ఫీడ్ పంపు సీలు చూపించండి.

నూనె మజ్జిగ రంగుకి తిరిగి ఉంటే నీళ్ళు. అనుమానంగా ఉంటే అట్లపెనం బాగా కాల్చి, పొయ్యి మీంచి దించి దూరంగా పెట్టి, ఒక్క చుక్క వేయండి. చిటపటమంటే నీళ్ళున్నట్టే. ఆయిల్ కూలర్‌నీ హెడ్ గాస్కెట్‌నీ అనుమానించాలి. ఉప్పునీరైతే నూనె ఆ రోజే తీసేయాలి. కొత్త నూనె పోసి కాసేపు నడిపి, దాన్నీ తీసేసి మళ్ళీ పోయాలి. రెండ్రోజులు ఆగారంటే బేరింగుల మీద తుప్పు చుక్కలు పడతాయి, క్రాంక్ చెడుతుంది.