ఆటలో అరటిపండు

ఒంగోలు

అబ్బయా, ప్రభువు నామమున వందనాలు.

మీ సంఘంలో క్రిస్మస్ కమిటీ రెండు ముక్కలైందనీ, కొత్త కార్యదర్శివి నువ్వు మధ్యలో నలిగిపోతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టెన్షన్ పడి మీటింగ్ పెట్టకు. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలు ఏడుపెంకులాట ఆడే చోట అరగంట కూర్చో.

పోయిన వారం మా చర్చి వేపచెట్టు కింద నేను చూసింది చెప్తా. పంటలు వేసుకుని రెండు జట్లయ్యారు. నాలుగేళ్ల బుడ్డది ఒకతి నేనూ వస్తానని ఏడుపు. జట్టులో పెద్దపిల్ల కాసేపు చూసి, ‘సర్లే, ఇది అరటిపండు’ అంది. ఇక బంతి తగిలినా ఆ పాప అవుట్ కాదు. పెంకులు పేర్చబోయి మొత్తం కూలదోసింది. ఒక్కరూ కసరలేదు, మళ్లీ పేర్చుకున్నారు. అరటిపండు అనే మాటను మనం ఎద్దేవా చేయడానికి వాడతాం. వాళ్లు చోటివ్వడానికి వాడుతున్నారు. నలభై ఏళ్లు సండేస్కూల్లో కృప గురించి చెప్పాను గానీ, ఇంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

చందా ఇవ్వలేనివాళ్లకీ, పాట రానివాళ్లకీ ముందు పని చెప్పు. స్టార్ వంకరగా కడితే కట్టనీ.

పిల్లలు దేవదూతలేం కాదులే. తొండి ఆడతారు, అలుగుతారు. సంతవీధిలో పిల్లనగ్రోవి ఊదినా ఆడని పిల్లల సంగతి యేసే చెప్పాడు, మత్తయి 11లో ఉంది. అయినా ఎవరు గొప్ప అని శిష్యులు అడిగితే ఒక పిల్లవాణ్ణే మధ్యలో నిలబెట్టాడు. మీ గొడవా అదేగా, మైకు ఎవరి చేతిలో ఉండాలని! తొండి జరిగితే పిల్లలు ‘తూచ్’ అని మొదటికొస్తారు. నేను ఒక పెద్దాయన మీద మాట తూలి, ఏడాదిపాటు ఆయన పక్కన కూర్చోలేదు. తూచ్ అనడానికి నోరు రాలేదు.

1878 జూలై 3న మన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. అంతా నేనే ఇస్తానని ఒకరు పట్టుబడితే పొద్దు చాలేదా? మైకునీ అలాగే తిప్పు.

కమిటీలో అలిగినాయన ఇంటికి మీటింగుకు ముందే నువ్వే వెళ్లు. మీ చిన్నదాన్ని కూడా తీసుకెళ్లు. అది ఒళ్లో ఎక్కి కూర్చుంటే ఆయన ఎంతసేపని బిగుసుకుంటాడు?

మీ పెదనాయన