టీబీ అంటుకుంటుందని ఉద్యోగం వదులుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు పల్మనాలజీ విభాగంలో తీసుకుంటామన్నారు, వార్డులోనూ రెస్పిరేటరీ ఐసీయూలోనూ డ్యూటీ ఉంటుందట. ఇక్కడ మా ఊరి దగ్గర నర్సింగ్ హోమ్‌లోనూ ఉద్యోగం ఉంది, జీతం కాస్త తక్కువ. ఊపిరితిత్తుల జబ్బులు అంటుకుంటాయని వాళ్లమ్మ అస్సలు ఒప్పుకోవట్లేదు, పైగా రేపు పెళ్లి సంబంధాలకు ఇబ్బంది అంటోంది. ఏం చెయ్యమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: హైదరాబాద్‌కే పంపించండి సార్. కాకపోతే చేరేముందు అమ్మాయి కొన్ని విషయాలు గట్టిగా అడగాలి, అవి చివర్లో చెప్తాను.

ముందు అమ్మగారి భయం సంగతి. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు, టీబీ గాలి ద్వారానే వస్తుంది, మామూలు జనం కంటే నర్సులకు రిస్కు ఎక్కువే, ఇందులో దాచేదేం లేదు. కానీ పల్మనాలజీ వార్డులో ఉండేవాళ్లంతా టీబీ పేషెంట్లు కారు. సీఓపీడీ (ఎక్కువగా పొగ వల్ల ఊపిరి గొట్టాలు ఇరుకై, ఏళ్ల తరబడి ఆయాసం పెట్టే జబ్బు), ఆస్తమా, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరినవాళ్లు, క్యాన్సర్ వాళ్లు, న్యుమోనియా వాళ్లు ఉంటారు. సీఓపీడీ, ఆస్తమా అయితే అంటుకునే జబ్బులే కావు. టీబీ ఉన్నవాళ్లకైనా సరైన మందు మొదలుపెట్టి అది పనిచేస్తుంటే, కొద్ది వారాల్లోనే వేరేవాళ్లకు అంటించడం బాగా తగ్గిపోతుంది. అసలు ప్రమాదం ఎక్కడంటే, రెండు వారాలకు మించి దగ్గుతూ, సాయంత్రం జ్వరం వస్తున్నా పట్టించుకోకుండా, తనకేముందో తనకే తెలియకుండా తిరిగే మనిషి దగ్గర. అతను మొదట వెళ్లేది ఎక్కడికండీ? మీ ఊరి నర్సింగ్ హోమ్ లాంటి చోటికే. అక్కడ ఎన్95 మాస్కు అడిగితే వింతగా చూస్తారు. ఛాతీ వార్డులో జబ్బు ఏదో తెలుసు, మాస్కు ఉంటుంది, దగ్గే పేషెంటుకు కూడా మాస్కు పెడతారు, కిటికీలు తీసి ఉంచుతారు. కనీసం ఉంచాలి.

పెళ్లి సంబంధాల గురించి నాతో కాదు, వచ్చే పెళ్లికొడుకుతో మాట్లాడాలి. నర్సు వద్దనేవాళ్లు నైట్ డ్యూటీలని చెప్పే వద్దంటారు, ఏ వార్డని ఆరా తీసేవాళ్లు తక్కువ. గర్భం వచ్చినప్పుడు మాత్రం టీబీ పేషెంట్లు లేని చోట డ్యూటీ వేయమని అడగొచ్చు, అడగాలి కూడా.

ఇక పని సంగతి. నర్సింగ్ నాలుగేళ్లలో అన్నీ చదువుతారు గానీ చేతికి రావడం వేరు. ఒక ఉదాహరణ చెప్తాను. నలభై ఏళ్లు బీడీలు తాగిన పెద్దాయన, సీఓపీడీ, రాత్రి రెండింటికి ఆయాసంతో మంచం అంచు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. సాచురేషన్, అంటే వేలికి పెట్టే మీటరు చూపే రక్తంలోని ఆక్సిజన్ శాతం, 86. పక్కనున్న కొడుకు 'సిస్టర్, ఆక్సిజన్ పెంచండి' అని ఒకటే గోల. అనుభవం లేని నర్సు కంగారుపడి పది లీటర్లు పెట్టేస్తుంది, మీటరు మీద 99 చూసి కొడుకు దండం పెడతాడు, కాసేపటికి పెద్దాయన మత్తుగా పడిపోతాడు. ఇలాంటి పేషెంట్లలో ఆక్సిజన్ మరీ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. అందుకే వీళ్లకు 88 నుంచి 92 మధ్య ఉంచడమే లక్ష్యం. తెలిసిన నర్సు డాక్టరు చెప్పిన వెంచురీ మాస్కు (ఆక్సిజన్‌ను కొలిచినట్టు ఇంత శాతమే ఇచ్చేది) పెట్టి, నిమిషం నిండా శ్వాస లెక్కపెట్టి, మనిషి మత్తులోకి జారుతున్నాడా అని చూస్తూ ఉంటుంది, తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చేస్తుంది. శ్వాస లెక్క అనేది చాలా వార్డుల్లో మంచం దగ్గరకు వెళ్లకుండానే 20 అని రాసేసే అంకె, నిజానికి పేషెంటు దిగజారుతున్నాడని తొందరగా చెప్పే వాటిలో అదొకటి.

అలాగే ఛాతీలోంచి గొట్టం వేసి కింద నీళ్ల సీసా పెడతారు కదా, దాన్ని ఐసీడీ అంటారు. సీసా ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి. ఎక్స్‌రేకి తీసుకెళ్లేటప్పుడు వార్డ్‌బాయ్ దాన్ని తీసి ట్రాలీ మీద పేషెంటు పక్కన పెడితే, ఆపాల్సింది నర్సే. గొట్టంలో నీళ్లు శ్వాసతో పాటు పైకీ కిందికీ కదలాలి, కదలకపోతే గొట్టం మడతపడిందా, మూసుకుపోయిందా, లేక ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుందా అని చూడాలి. ఇవి పుస్తకంలో ఒక పేజీ, వార్డులో రోజూ చూస్తేనే వస్తాయి. ఇన్హేలర్ పీల్చడం రాక మళ్లీ మళ్లీ అడ్మిట్ అయ్యేవాళ్లకు స్పేసర్‌తో (ఇన్హేలర్‌కు తగిలించే డొల్ల గొట్టం) చేసి చూపించి, స్టెరాయిడ్ ఇన్హేలర్ తర్వాత నోరు పుక్కిలించమని చెప్పడం కూడా నర్సు పనే, దీన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయరు గానీ పేషెంటుకు ఎంత మేలో.

రెండేళ్లు ఇలా చేస్తే ఏ ఐసీయూలోనైనా నిలబడుతుంది. క్రిటికల్ కేర్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది, రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ పీజీ ఉంది, దానికి ఏడాది అనుభవం కావాలి. ఎయిమ్స్ నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్ష రాయాలంటే బీఎస్సీ వాళ్లకు అనుభవం అక్కర్లేదు కాబట్టి దానికి ఇప్పటినుంచే చదవమనండి. జర్మనీ ఆలోచన ఉంటే భాష తప్పదు, తెలంగాణ ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ నర్సులకు శిక్షణ ఇచ్చి పంపుతోంది, ఏజెంట్లకు లక్షలు పోసే ముందు అక్కడ కనుక్కోండి. ఇంకోటి, రెస్పిరేటరీ థెరపిస్ట్ అనేది వేరే కోర్సు. నర్సింగ్ చేసి వెంటిలేటర్ నేర్చుకున్నంత మాత్రాన ఆ ఉద్యోగం ఇస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంటర్వ్యూ రోజు అమ్మాయి జీతంతో పాటు ఇవి అడగాలి: ఐసీయూలో షిఫ్టుకు ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు ఎంతమందికి ఒకరు, కొత్తవాళ్లను ఎన్ని వారాలు సీనియర్ పక్కన ఉంచుతారు, ఎన్95లు ఆసుపత్రే ఇస్తుందా లేక కొనుక్కోవాలా, స్టాఫ్‌కు టీబీ పరీక్షలు చేస్తారా. వార్డు ఒకసారి చూపించమనాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుంటామంటే జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. చేరిన మొదటి వారమే వెంటిలేటర్ పేషెంట్లను నలుగురైదుగురిని ఒక్కదానికే అప్పగించే ఆసుపత్రి అని తేలితే మాత్రం, పల్మనాలజీ అయినా సరే వద్దు, ఆర్నెల్లు మీ ఊరి నర్సింగ్ హోమ్‌లో చేస్తూ నార్సెట్‌కు చదవడమే నయం.