సాగే బట్ట పాత మిషన్ మీద కుట్టొచ్చా? మా అత్తగారి భుజం విరిగినప్పటి సంగతి చెబుతాను

"రోజూ ఇంట్లో వేసుకునే బట్టలు మనమే కుట్టుకుంటే డబ్బు మిగులుతుందా? టీషర్టులకు వాడే సాగే బట్టని పాత కుట్టు మిషన్ మీద కుట్టొచ్చా?" అన్నది ప్రశ్న.

కుట్టొచ్చండి. నేను నాలుగేళ్ళుగా కుడుతున్నాను. అదీ పెళ్ళిలో మా అమ్మ పెట్టిన నల్ల మిషన్ మీద. దానికి తిన్నని కుట్టు తప్ప మరో కుట్టు రాదు. డబ్బు సంగతి తర్వాత చెబుతాను. నేను సాగే బట్ట పట్టుకున్నది డబ్బు కోసం కాదు, మా అత్తగారి కోసం.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఆ ఏడు వినాయక చవితి వెళ్ళిన వారంలో అత్తగారు కాలువ రేవులో పాచి పట్టిన మెట్టు మీద జారి పడ్డారు. కుడి భుజానికి కొంచెం కింద ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదు, చెయ్యి మెడకు కట్టుకుని ఆరు వారాలు కదపకుండా ఉంచండి అన్నారు డాక్టరుగారు. మందులు, పథ్యం, మంచం అన్నీ చూసుకున్నాం గానీ బట్టల ఆలోచన ఎవరికీ రాలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి. బుద్ధెరిగిన దగ్గర్నుంచి చీరా జాకెట్టూ తప్ప మరోటి కట్టి ఎరగరు. జాకెట్టులోకి చెయ్యి పోదు. మా ఆయన కొట్టుకి వెళ్ళి ఉన్నవాటిలో పెద్ద సైజు నైటీ తెచ్చారు. తల మీంచి తొడుగుతుంటే ఆవిడ కింది పెదవిని పళ్ళతో నొక్కి పట్టుకున్నారు. నొప్పి అని ఒక్క మాట అనలేదు. ఆ పెదవి చూశాక ఇంకోసారి ఆ నైటీ ఆవిడకి తొడగడానికి నాకు చేతులు రాలేదు.

రెడీమేడ్ నైటీల మీద నా కోపం అప్పుడు మొదలైంది, ఇంకా చల్లారలేదు. సైజు పెంచేటప్పుడు మెడ కూడా పెంచేస్తారు. అది భుజం మీంచి జారిపోతుంది. చంక దగ్గర మాత్రం చెయ్యి తిప్పుకునే జాగా ఉండదు. జేబు సంగతి అసలు అడగొద్దు. బీరువా తాళాలు, ఫోను, పాలవాడికి ఇవ్వాల్సిన చిల్లర, ఇవన్నీ పట్టుకుని పొద్దున్నుంచి రాత్రిదాకా తిరిగేది ఆడవాళ్ళు. జేబులు మాత్రం మగవాళ్ళ లాగూలకి. నేను కుట్టే ప్రతి నైటీకీ కుడిపక్క జేబు పెడతాను. ఫోను బరువుకి కిందకి వేలాడకుండా పైన భుజం దాకా ఒక సన్నని పట్టీ లోపల కుట్టేస్తాను.

సరే, అత్తగారి దగ్గరికి వస్తాను. మా పెద్దాడి పాత టీషర్టు ఒకటి తీసి, కుడి భుజం కుట్టు విప్పి, అక్కణ్ణుంచి చేతి పైభాగం అంచుదాకా కత్తిరించి చూశాను. ఎడమ చెయ్యి ముందు తొడిగి, తల దూర్చి, కుడివైపు ముక్కలు రెండూ కట్టు మీద కప్పితే చాలు. ఆవిడ చెయ్యి అంగుళం కూడా కదలక్కర్లేదు. దీన్నే మోకాళ్ళ కిందకి పొడుగు పెంచి, భుజం నుంచి చేతి అంచుదాకా టిచ్ బటన్లు పెడితే సరిపోతుంది అనిపించింది. రాజమండ్రి తాడితోట మార్కెట్ నుంచి మా తోటికోడలు ఎప్పుడో తెచ్చిపెట్టిన ప్రింటెడ్ బనీను గుడ్డ, అదే టీషర్టుల సాగే బట్ట, ఇంట్లో ఉంది. మీగడ రంగు మీద నీలం చిన్న పూలు. ఈనాడు పేపరు నేల మీద పరిచి, ఆ టీషర్టు దాని మీద పెట్టి గీశాను. కత్తిరించాను. రాత్రి పదకొండుకల్లా కుట్టడం అయిపోయింది.

తెల్లారి చూస్తే చంక నుంచి నడుము దాకా జానెడు కుట్టు తెగిపోయి ఉంది. రాత్రి పక్కకి ఒత్తిగిలినప్పుడు పోయిందట. "నువ్వు అలిసి పడుకున్నావు కదా అమ్మా, లేపడమెందుకని" అన్నారు. దుప్పటి కప్పుకుని అలాగే తెల్లారేదాకా ఉన్నారు. మళ్ళీ కుట్టాను. మళ్ళీ తెగింది. ఉతికాక ఇంకో చోద్యం. కుట్టు వెంబడి సూది గుచ్చిన చోటల్లా చిన్న చిల్లులు. ఒక్కో చిల్లు నుంచి సన్నగా నిచ్చెనలా గీత కిందకి జారుతోంది.

వియ్యపురాలిని చూడ్డానికి మా అమ్మ వచ్చింది ఆ రోజే. అమ్మది నరసాపురం పక్క ఊరు. పదేళ్ళ వయసు నుంచి లేసు అల్లిన చెయ్యి. ఇప్పటికీ ఎక్కడికి వెళ్ళినా సంచిలో దారం ఉండ, లేసు సూది ఉంటాయి. ఆ గుడ్డని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. చిల్లు పక్కన బొటనవేలు పెట్టి లాగింది, వదిలింది, మళ్ళీ లాగింది. "ఒసేయ్, ఇది నేసిన గుడ్డ కాదే. అల్లిక. మా లేసు లాగే, కాకపోతే సన్నం. నీ సూది సందులోంచి పోవట్లేదు, దారాన్నే పొడిచి తెంపేస్తోంది" అంది.

నాకు అంతవరకూ ఎవరూ ఆ ముక్క చెప్పలేదు. మా ఊళ్ళో టైలరింగ్ నేర్పిన చోట మూడు నెలలూ జాకెట్టు, లంగా, పంజాబీ డ్రెస్సు. అంతే. గుడ్డ అంటే ఏమిటో, అది ఎలా తయారవుతుందో ఒక్కరోజు చెప్పలేదు. పడుగు నిలువుగా, పేక అడ్డంగా పోయేది నేత. సాగే బట్టలో దారం ఉచ్చులు ఉచ్చులుగా ఒకదానిలో ఒకటి దూరి ఉంటుంది. లాగితే ఉచ్చు సాగి వెడల్పవుతుంది, వదిలితే మళ్ళీ దగ్గరకొస్తుంది. ఒక్క ఉచ్చు తెగిందంటే దాని కింద ఉన్నవన్నీ వరసగా ఊడిపోతాయి. నిచ్చెన అలా వస్తుంది. గుడ్డ సాగుతుంది, మనం వేసిన తిన్నని కుట్టులో దారం సాగదు. అందుకే అత్తగారు పక్కకి తిరగ్గానే అది పటుక్కున తెగింది.

లేసు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ ఒకటి చెప్పాలి. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ అరుగు మీద కూర్చుని కళ్ళు పోగొట్టుకుని అల్లిన మా అమ్మలాంటి వాళ్ళకి ముక్కకింత అని చేతిలో పెట్టేది ఎప్పుడూ తక్కువే. ఎక్కడో దేశాల్లో బల్లల మీద పరుచుకునే గుడ్డలు అల్లింది గానీ తన ఇంట్లో పరుచుకోవడానికి ఒక్కటి ఉంచుకోలేదు. ఈ బాధ ఎక్కడ చెప్పుకోవాలో తెలియక ఇక్కడ చెబుతున్నాను.

మర్నాడు మిషన్లు రిపేరు చేసే ఆయన దగ్గరికి వెళ్ళి గుడ్డ చూపించాను. ఆయన పాత సూది తీసి, మొన గుండ్రంగా ఉండే సూది, బాల్ పాయింట్ అంటారు, 14 నంబరుది పెట్టారు. అది ఉచ్చుల్ని పొడవదు, పక్కకి నెట్టుకుని మధ్యలోంచి దిగుతుంది. మీరు కొనేటప్పుడు మీ మిషన్‌లో ఉన్న సూది ఊడదీసి పట్టుకెళ్ళండి. ఇంట్లో వాడే మిషన్ సూదికి పైన ఒక పక్క చదునుగా ఉంటుంది. దర్జీల మిషన్ సూది పైన కూడా గుండ్రమే. ఒకదానిది ఒకదానికి పట్టదు. పల్చటి బనీను గుడ్డకి 11 నంబరు మంచిది.

ఇక తిన్నని కుట్టు మిషన్ మీద నేను చేసేది ఇది. కాటన్ దారం పక్కనపెట్టి పాలిస్టర్ దారం వేస్తాను. పై దారం టెన్షన్, అంటే బిగువు, కాస్త వదులు చేస్తాను. కుట్టు చిన్నది పెడతాను. అంగుళంలో ఎన్ని కుట్లు ఎక్కువ పడితే అంత దారం లోపల ఉంటుంది, సాగడానికి జాగా ఉంటుంది. కుట్టేటప్పుడు పాదానికి ముందొక చెయ్యి వెనకొక చెయ్యి పెట్టి గుడ్డని కొంచెం, చాలా కొంచెం, బిగువుగా పట్టుకుంటాను. ఎక్కువ లాగితే అంచు అప్పడంలా వంకర్లు పోతుంది. చంక దగ్గరా పక్కలా రెండో వరస కుట్టు మొదటి దాని పక్కనే వేస్తాను. మీది జిగ్‌జాగ్ వచ్చే మిషనైతే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి. వెడల్పు బాగా తగ్గించి జిగ్‌జాగ్ వేస్తే దారం వంకరగా పోతుంది కాబట్టి గుడ్డతో పాటు సాగుతుంది. అంచుల్ని దారంతో చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషన్ కొనమని కొందరు చెబుతారు. ఇంటి మటుకు కుట్టుకునేవాళ్ళకి అది దండగ అని నా గట్టి అభిప్రాయం. బనీను గుడ్డ అంచు చుట్టుకుపోతుంది గానీ నేత గుడ్డలా పీచు లేచి ఊడిపోదు.

అత్తగారి చొక్కా మూడోసారి కుట్టాను. టిచ్ బటన్లు సాగే గుడ్డ మీద తిన్నగా పెడితే లాగినప్పుడల్లా చిరుగుతుంది. అందుకని వెనక మామగారి పాత పంచె అంచు ముక్క వేసి దాని మీద పెట్టాను. మెడ చుట్టూ 22 అంగుళాలు వస్తే పట్టీ 19 అంగుళాలే కత్తిరించి, లాగుతూ కుట్టాను. అప్పుడే మెడ ఒంటికి అతుక్కుని కూర్చుంటుంది, సమానంగా వేస్తే నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ రోజు స్నానం అయ్యాక తొడిగాను. టిచ్, టిచ్, టిచ్ మని ఏడు బటన్లు. అత్తగారు ఎడమ చేత్తో ఆ నీలం పూలు తడిమి చూసుకుని, "నొప్పెట్టలేదమ్మా" అన్నారు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను నేను.

పేపర్ కటింగుల గురించి కూడా అడిగేవాళ్ళుంటారు. కొలతలవారీగా పేపర్ కటింగులు అమ్మే వ్యాపారం అమెరికాలో బటరిక్ అనే దర్జీ 1863లో మొదలుపెట్టాడు. ఇప్పుడు ఇంటర్నెట్లో బోలెడు దొరుకుతున్నాయి, ప్రింటు తీసి అతికించుకోవడమే. నేనూ ఒకటి తీయించాను. జిరాక్సు షాపు కుర్రాడు కాగితానికి సరిపడేలా కుదించి ప్రింటు తీశాడు. పాతిక కాగితాలు అతికించి, గుడ్డ కత్తిరించాక గానీ బిగువని తెలియలేదు. ఆ కటింగుల్లో ఒక మూల కొలత గడి ఇస్తారు, అది ఎంత ఉండాలో రాసి ఉంటుంది. స్కేలు పెట్టి అది కొలవకుండా కత్తెర పట్టుకోవద్దు. అయినా నన్నడిగితే, మీ ఒంటికి బాగా కుదిరిన పాత బట్టకి మించిన కటింగు లేదు. కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, బ్రౌన్ పేపరు మీద పెట్టి గీసుకోండి. కుట్టుకి అరంగుళం వదలండి. గుడ్డ ఎటు ఎక్కువ సాగుతుందో అటు ఒంటి చుట్టూ రావాలి, నిలువుగా కాదు. ఇది మర్చిపోతే తల దూరదు.

కొనేటప్పుడు రెండు చూడండి. ప్రింటు ఉన్నచోట గుడ్డని లాగండి. పూల మధ్య తెల్ల గీతలు పగుళ్ళలా కనిపిస్తే రంగు పైపైన పూసింది. మన ఉక్కపోతకి ఆ పూత ఛాతీ మీద అట్ట కట్టినట్టుంటుంది, చెమట పీల్చదు. రెండోది, నిజంగా కాటనేనా అని. అడిగితే ప్రతి కొట్లోనూ కాటనే అంటారు. ఒక్క పోగు అడిగి తెచ్చుకుని ఇంట్లో కాల్చండి. కాటనైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. కత్తిరించే ముందు తప్పకుండా ఒకసారి ఉతికి ఆరేయండి. కాటన్ బనీను గుడ్డ కుంచించుకుపోతుంది. పక్క కుట్టు ముందుకు మెలితిరిగే గుణం కూడా కొన్నిటికి ఉంటుంది, అది ముందే ఉతికితే బయటపడుతుంది.

డబ్బు మాట. ఈ గుడ్డ తిరుప్పూరు నుంచి వస్తుంది, చాలాచోట్ల కిలోల లెక్కన అమ్ముతారు. 180 జీఎస్ఎం గుడ్డ, అంటే చదరపు మీటరుకి 180 గ్రాములు తూగేది, 60 అంగుళాల పన్నా ఉంటే మీటరు సుమారు 275 గ్రాములు తూగుతుంది. అంటే కిలోకి మూడున్నర మీటర్ల పైచిలుకు. అందులో నాకు ఒక నైటీ, చిన్నాడికి ఒక టీషర్టు వచ్చి, ఇంకా ముక్క మిగులుతుంది. మీ ఊళ్ళో కిలో ధర కనుక్కుని లెక్క వేసుకోండి. గుడ్డ దగ్గర మిగులుతుంది. మధ్యాహ్నాలు మాత్రం పోతాయి.

అత్తగారి చెయ్యి నయమై మూడేళ్ళ పైనే అయింది. చీర కట్టుకుంటున్నారు. కానీ భుజం పైకి పూర్తిగా లేవదు, రాత్రిపూట మాత్రం టిచ్ బటన్ల చొక్కానే కావాలంటారు. మిషన్ పక్కన గోడకి మేకు ఉంది, దానికి మా ఇంట్లో అందరి పేపర్ కటింగులు వేలాడదీసి ఉంటాయి. ఆవిడ కాగితం మీద కుడి చంక దగ్గర ముప్పావంగుళం ఎక్కువ గీసి, పక్కన "కుడి" అని ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. మొన్న ఆదివారం దాంతో ఆరో చొక్కా కత్తిరించాను. ఈసారి పసుపు మీద ఆకుపచ్చ మావిడి పిందెలు, ఆవిడే ఎంచుకున్నారు.